నాటకం అంకుల్, నిమ్మకాయల దొంగ

బ్రిస్బేన్‌లో, సన్నీబ్యాంక్ దగ్గర లంచ్ కోసం క్యూలో నిలబడి ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పొద్దున పోయారమ్మా. నిద్రలోనే," అన్నారు. నేనేదో అడిగినట్టు, "లేదులే, ఇబ్బందేం పడలేదు," అని కూడా అన్నారు. కౌంటర్‌లో అమ్మాయి ఏం కావాలని అడుగుతోంది. ఏదో చెప్పాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

సిడ్నీలో చదువుకున్నన్నాళ్ళూ స్కోఫీల్డ్స్‌లో వాళ్ళింట్లోనే ఒక గదిలో అద్దెకున్నాను. అంకుల్ బస్సు డ్రైవరు. తెనాలిలో ఆయన కుర్రతనమంతా అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు చదవడంతోనూ, నాటకాల రిహార్సల్స్ చుట్టూ తిరగడంతోనూ సరిపోయిందట. సిడ్నీలో మా తెలుగు అసోసియేషన్ ఉగాదికి ఏటా ఆయన నాటకం ఉండాల్సిందే. అందులో ఒక డిటెక్టివ్, ఒక దొంగ. డిటెక్టివ్ ఎప్పుడూ ఆయనే. అందుకే అందరికీ నాటకం అంకుల్ అయిపోయారు.

నేను కుదురుగా కూర్చునే రకం కాదు. యూనివర్సిటీకి ఇవ్వాల్సిన అసైన్‌మెంట్ కూడా హాల్లో అటూ ఇటూ నడుస్తూనే చదివేదాన్ని. "అమ్మాయ్, నిన్ను చూస్తుంటే నాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి. కూచో," అనేవారు. కూర్చుంటే ఏదో ఒక వేషం అంటగట్టేవారు.

ఒక ఏడు దొంగ వేషానికి ఆయనకి ఎవరూ నచ్చలేదు. ఒక సాయంత్రం పెరట్లోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. "దొరికింది."

ఎవరంటే పక్కింటి ముసలావిడ. మేడమ్ అని పిలిచేవాళ్ళం. మా నిమ్మచెట్టు కొమ్మ ఒకటి వాళ్ళ వైపుకి వంగి ఉండేది. ఆవిడ కంచె మీదుగా చెయ్యి చాపి, మా వైపు కాయలు కోస్తూ అంకుల్ కంట్లో పడింది. ఉలిక్కిపడలేదు, సారీ చెప్పలేదు. ఆయన్ని చూస్తూనే ఇంకో మంచి కాయ ఏరి కోసుకుందట.

"తొందరంతా డిటెక్టివ్‌కి ఉండాలమ్మాయ్. దొంగకి ఉండకూడదు. మనవాళ్ళకిది ఎంత చెప్పినా ఎక్కట్లేదు," అన్నారు.

అడగడానికి వెళ్తే తెలిసింది, వయసులో ఉండగా ఆవిడ ఫ్రాన్స్‌లో సినిమాల్లో నటించిందని. అసోసియేషన్ మీటింగ్‌లో మాత్రం గొడవైంది. "తెలుగు నాటకంలో తెల్లావిడేంటి అంకుల్, మన ఆడపిల్లలే లేనట్టు?" అన్నారొకరు.

"మన హీరోయిన్లలో తెలుగొచ్చినవాళ్ళెంతమంది నాయనా? వాళ్ళని చూసి ఈలలేస్తున్నాం గదా. ఈవిడకీ డబ్బింగ్ చెప్పిద్దాం," అన్నారు అంకుల్, నా వైపు చూస్తూ.

అలా నేను మేడమ్ గొంతునయ్యాను. పక్క తెర వెనక పాల క్రేట్ మీద మైకు పట్టుకుని నిలబడేదాన్ని. ఆవిడ ఎడమ భుజం కదిపితే నేను మొదలుపెట్టాలి. ఆవిడకి ఇదంతా కొత్తేమీ కాదు. యాస బాలేదని ఆవిడ సినిమాల్లోనూ వేరే ఎవరితోనో మాట్లాడించారట. ఆ మాట విని జాలిపడాల్సింది పోయి, "అయితే అలవాటే గదా," అని అంకుల్ తెగ సంబరపడ్డారు. నేను "నన్ను బంధించే సంకెళ్ళు ఇంకా పుట్టలేదు" అంటుంటే ఆవిడ పెదవులు కసిగా కదిలేవి. ఏమంటున్నారని ఒకసారి అడిగాను. "ఉల్లిపాయల సూప్ ఎలా చెయ్యాలో చెబుతున్నాను," అంది.

నాటకం రోజు హాలంతా నిండిపోయింది. చివరి సీన్‌లో డిటెక్టివ్ అందరినీ వరసగా నిలబెట్టి, నగ ఎలా మాయమైందో చెప్పి, దొంగ వైపు వేలు చూపించాలి. అంకుల్ సగం దాకా చెప్పి ఆగిపోయారు. మొదట నాటకీయంగా ఆగారనుకున్నాను. తర్వాత ఆయన కళ్ళు చూశాను. ఆయన రాసుకున్న మాటలే ఆయనకి దొరకడం లేదు. అందించాలంటే నా చేతిలో ఉన్నది దొంగ గొంతుకి పెట్టిన మైకు. హాల్లో ఎవరో దగ్గారు. అప్పుడు మేడమ్ నెమ్మదిగా నడిచి వచ్చి, రెండు చేతులూ చాపి ఆయన ముందు నిలబడింది. అంకుల్ బేడీలు వేశారు. చప్పట్లు ఆగలేదు.

కార్లో వస్తూ, "నా అవస్థ చూసి దొంగే జాలిపడి లొంగిపోయింది," అన్నారు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ముందు సీట్లో ఆంటీ నవ్వలేదు. అప్పటికే ఆయన రెండుసార్లు బస్సు తప్పుదారిలో పోనిచ్చారని నాకు తెలియదు.

డాక్టర్లు దాన్ని డిమెన్షియా అన్నారు. బస్సు మానేశారు. ఆదివారాలు గరాజ్‌లో నన్నెదురుగా కూర్చోబెట్టుకుని, "ఆ చివరి సీన్ పట్టుకో అమ్మాయ్," అనేవారు. ఒక్కసారి చివరిదాకా చెప్పగలిగితే చాలు, తన బుర్ర తనదేనని నమ్మకం కుదురుతుందని ఆయన ఆశ. నేను అందించేదాన్ని. నెల నెలకీ ఇంకాస్త ముందే ఆగిపోయేవారు. ఒకరోజు చాలాసేపు వెతుక్కుని, "డిటెక్టివ్‌కే క్లూ దొరకట్లేదమ్మా," అని నవ్వబోయారు. ఆ తర్వాత గరాజ్‌కి పిలవలేదు. చదువైపోయింది, బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది. ఉండిపోతే ఏం చెయ్యగలిగేదాన్నో ఇప్పటికీ తెలియదు.

పోయిన చలికాలం సిడ్నీ వెళ్ళి, ఆయన్ని చేర్చిన ఏజ్డ్ కేర్ హోమ్‌లో చూశాను. నన్ను గుర్తుపట్టలేదు. మేడమ్ కూడా వచ్చింది. అంకుల్ ఆవిడకి తెలుగులో ఎంతో మర్యాదగా, ఒక్క మాట తడబడకుండా చెబుతున్నారు. "ఇక్కడ నాకేం తోచట్లేదండీ. మా ఇంటికి పంపించండి. మా ఆవిడ ఒక్కతే ఎదురుచూస్తుంటుంది."

ఆంటీ ఆయన పక్కనే, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నారు.

మేడమ్ ఏమంటున్నారన్నట్టు నా వైపు చూసింది. నేను ఆంటీ వైపు చూశాను. ఆయనకి చలేస్తోందేమో అనుకుని మేడమ్ లేచి, ఆయన స్వెటర్ గుండీలు మెడదాకా పెట్టి, తన స్కార్ఫ్ తీసి చుట్టింది. ఆయన మొహం వెలిగింది. ఇంటికి బయల్దేరదీస్తున్నారనుకున్నారు. చేత్తో జుట్టు సవరించుకుని, లోపలివాళ్ళు తెరవలేకుండా కోడ్ పెట్టిన అద్దం తలుపు దాకా వెళ్ళి నిలబడ్డారు. బయట పార్కింగ్‌లో ఏదో కారు లైట్లు వెలిగాయి. అంకుల్ దానికి కనబడేలా, స్టాపులో బస్సు ఆపేవాళ్ళలాగా చెయ్యి చాపారు.