మొదటి నరం

నవంబరు మూడో తేదీ ఆదివారం ఉదయం తొమ్మిదింపావుకు మా మనవరాలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. బళ్లారిలో డాక్టరు చదువు, మొదటి ఏడాది. పరీక్షలో ఎవరో ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తలలోని నరాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసి చెప్పాలట. ఆ అభ్యాసానికి ఇంట్లో ఖాళీగా దొరికిన తల నాదే. మా అబ్బాయికి కుడతిని పవర్ ప్లాంటులో ఆ వారం మొదటి షిఫ్టు, వెళ్లిపోయాడు. కోడలు వంటింట్లో ఉంది.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు పన్నెండు జతలట. వాటికి ఒకటి నుంచి పన్నెండు వరకూ నంబర్లు ఉన్నాయని వినగానే నాకు ఆ విద్య మీద గౌరవం పుట్టింది. ముప్పై మూడేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. వరుసగా నంబరు వేసిన దేన్నైనా నమ్ముతాను.

పిల్ల రెండో నరంతో మొదలుపెట్టింది. నా ఒక కన్ను మూయించి, పక్క నుంచి వేళ్లు ఆడిస్తూ ఎప్పుడు కనిపిస్తాయో చెప్పమంది. అది చూపు నరం. మూడు, నాలుగు, ఆరు కలిసి కంటిగుడ్డును తిప్పుతాయి. తల కదపకుండా పెన్ను వెంట చూపు తిప్పమంది. ఐదోది ముఖానికి స్పర్శ. దూదితో నుదురు, బుగ్గ, దవడ తాకి, పళ్లు బిగించమంది. ఏడోదానికి బుగ్గలు ఉబ్బించి, కళ్లు గట్టిగా మూసి, పళ్లు ఇకిలించాను. ఎనిమిదోది చెవి. తొమ్మిది, పది కలిసి గొంతు. "ఆ" అనమని టార్చి వేసి చూసింది. పదకొండుకు భుజాలు ఎగరేశాను. పన్నెండోది నాలుకది.

"నాలుక చాపు జేజీ. పక్కకు పోతాందా చూడాల."

వంటింట్లోంచి కోడలు అంది: "దాన్ని చూసే పనే లేదు పాపా. మీ జేజి నాలుక ఏ పొద్దూ పక్కకు పోల్యా. నేరుగా వచ్చి తగుల్తాది."

ముగ్గురం నవ్వాం. పిల్ల పుస్తకం మూసింది.

"పదకొండే అయినాయి," అన్నాను. "ఒకటోది యాడ?"

"అది వాసనది జేజీ. దాన్ని యాళ్ల లేదని ఇడిసిపెడతారు. జలుబు ఉందా అని అడిగి, లేదంటే బాగుందని రాస్తారు, అంతే."

"చూడకుండా బాగుందని రాస్తే నేనైతే సున్నా పెడతా. పన్నెండంటే పన్నెండు. తే."

పిల్ల విసుక్కుంటూ లేచి వంటింట్లోకి వెళ్లి వచ్చింది. నా కళ్లు మూయించి, ఒక ముక్కుపుటం వేలితో అదిమి, రెండోదాని కింద ఏదో పెట్టి పీల్చమంది. పీల్చాను. ఏమీ లేదు. రెండో వైపు పెట్టింది. ఏమీ లేదు.

"ఖాళీ డబ్బా పెట్టి జేజిని ఆడిస్తాండావా?" అని కళ్లు తెరిచాను.

డబ్బా నిండా కాఫీ పొడి. ఆ ముందురోజు పట్టించి తెచ్చింది.

పొడి పాతదని అన్నాను. పిల్ల మళ్లీ లోపలికి వెళ్లింది. లవంగాలు నలిపి తెచ్చింది. తర్వాత సబ్బు, ఆ తర్వాత ఇంగువ డబ్బా. ఇంగువ డబ్బా మూత తీస్తే పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా తెలుస్తుంది. నా ముక్కు కింద అది మట్టిపెళ్లలా ఉంది.

నాకు పౌరుషం వచ్చింది. నొప్పుల బామ్ తెమ్మన్నాను. అది పెట్టగానే ముక్కు లోపల చురుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదిగో, తెలిసింది! నా ముక్కుకేమైంది? మిరపకాయలు వేయిస్తే నేను దగ్గనా? నిన్న కూడా దగ్గినాను."

పిల్ల ముఖంలో నవ్వు లేదు. "మంట తెలిసింది జేజీ. మంటా చురుకూ చెప్పేది ఐదో నరం. మిరపకాయ ఘాటు కూడా దాందే. వాసన చెప్పేది మొదటిదొక్కటే." బామ్ మూత పెట్టి అడిగింది. "ఎప్పుడన్నా పడినావా? తలకు తగిలిందా?"

నేను జవాబు చెప్పేలోపే కోడలు గోడమీది క్యాలెండరు తీసుకొచ్చి, వెనక్కి తిప్పిన కాగితాలు ఒక్కొక్కటే ముందుకు తెచ్చింది. అందులో ఏ రోజు ఏం జరిగిందో నేను రాసుకుంటాను. ఆగస్టు ఎనిమిది గడిలో నా చేతిరాతే ఉంది: "బాత్‌రూంలో జారినాను. తల వెనక బుడిపె. రక్తం లేదు."

ముక్కు పైకప్పులో జల్లెడలాంటి ఎముక ఒకటి ఉంటుందని పిల్ల చెప్పింది. ఆ రంధ్రాల్లోంచి దారాల్లాంటి సన్నటి నరాలు ముక్కులోకి దిగుతాయి. తల వెనక గట్టిగా తగిలితే లోపల మెదడు ఊగి, ఆ దారాలు తెగిపోవచ్చు. బయట రక్తం రాదు. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు మామూలుగానే తెలుస్తాయి కనుక తింటున్నప్పుడు మనిషికి అనుమానం కూడా రాదు. చప్పగా ఉందనిపిస్తుంది, అంతే.

అది మాట్లాడుతూనే ఉంది. నా కళ్లు క్యాలెండరు మీదే ఉన్నాయి. ఆగస్టు పదిహేను: "ఇంగువ బాగలేదు, మార్చాల." సెప్టెంబరు రెండు: "కొత్త ఇంగువ కూడా కల్తీ." సెప్టెంబరు పంతొమ్మిది: "కొత్తిమీర గడ్డి. మందులు కొట్టి పెంచింది." అక్టోబరులో ఒకరోజు గ్యాస్ పొయ్యి పక్కనే కూర్చుని కూర తరుగుతుంటే కోడలు కేకవేస్తూ పరుగున వచ్చి, మంట లేకుండా తెరిచి ఉన్న మీట కట్టేసింది. అంత అరుపు ఎందుకని తిట్టాను. అదీ రాసుకున్నాను. ఎనభై ఏడు రోజుల పాటు లోకమంతా చెడిపోయిందని తేదీలు వేసి మరీ రాసి పెట్టాను.

వీటి మధ్యలో ఆగస్టు ఇరవై ఒకటి ఉంది. "నెయ్యి కల్తీ. మానేసినా."

కోడలు కూడా ఆ గడే చూస్తోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

నెయ్యి తెచ్చే ఆమె మా ఇంటికి ఇరవై రెండేళ్లుగా వస్తోంది. మూడు కిలోమీటర్ల దూరంలోని పల్లె. రెండు ఎనుములే ఆమె పాడి. పాలు తోడేసి, చిలికి, వెన్న కాచి, స్టీలు క్యానులో తెస్తుంది. మా వీధిలో నాలుగిళ్లు నేను బాగుందన్నాకనే కొనేవి. నేను కాస్త నెయ్యి ముంజేతి మీద రుద్ది, వాసన చూసి తలూపితేనే వాళ్లు గిన్నెలు తెచ్చేవారు. అది నాకు గర్వంగా ఉండేది, దాచను.

ఆ రోజు రుద్దాను. వాసన రాలేదు. మళ్లీ రుద్దాను. నాలుగిళ్లవాళ్లూ నిలబడి ఉన్నారు.

"ఇరవై రెండేండ్లకు నువ్వు కూడా డాల్డా కలిపితివా?" అన్నాను.

నా వెనక నిలబడిన కోడలు మెల్లగా, "నాకు వాసన వస్తాందే అత్తా," అంది. "నీకు జలుబు, నువ్వు సుమ్మనుండు," అని దాని నోరు మూయించాను. జలుబు ఉంటే వాసన తెలియకపోవాలి గానీ, లేని వాసన ఎలా వస్తుంది? లెక్కలు చెప్పినదాన్ని, ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు. నాలుగిళ్లవాళ్లూ గిన్నెలతో లోపలికి వెళ్లిపోయారు. ఆమె క్యాను మూత పెట్టుకుని వెళ్లింది. మళ్లీ మా వీధికి రాలేదు.

పిల్ల నా ముక్కు చూసిన రోజుకు అది జరిగి డెబ్బై నాలుగు రోజులు.

ఐదో తేదీన ముక్కు డాక్టరు చూశాడు. పిల్ల చెప్పిందే చెప్పాడు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నాకు దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆరో తేదీ ఉదయం కోడలిని వెంటబెట్టుకుని ఆటోలో ఆ పల్లెకు వెళ్లాను.

ఇంటి ముందు కొట్టంలో ఒక్క ఎనుమే కట్టేసి ఉంది. రెండో గూటానికి పలుపు లేదు. ఆమె బయటికి వచ్చింది. కూర్చోమనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. పడటం, నరం తెగటం, కాఫీ పొడి, డాక్టరు.

"ముక్కు సచ్చిపోయిందంటే ఎవురు నమ్ముతారు టీచరక్కా? అప్పుడు నన్ను దొంగ అంటివి. ఇప్పుడు ఏందో నరమంటాండావు."

లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "ఇది సూడు."

తెల్లగా ఏదో ఉంది. వంగి బాగా పీల్చాను. నా పక్కన కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. అది కుక్కకు వేయాలని తీసి పెట్టిన కుళ్లిన మీగడట. నేను ఇంకా వంగే ఉన్నాను. ఆమె నా ముఖాన్ని చాలాసేపు చూసింది. చటుక్కున గిన్నె వెనక్కి తీసుకుంది.

"అయ్యో శివా," అంది. అంతలోనే గొంతు మారింది. "నీ ముక్కు పోతే పోనీ అక్కా. నీ ఇంట్లో ఇంకా ముక్కులుండాయి కదా. ఒగరినన్నా అడిగితివా?"

"అడగలేదు. ఇది అడక్కుండానే చెప్పింది. నేనే నోరు మూయించినా."

కోడలు నేల చూపులు చూసింది. నిజం చెప్పినందుకు ఇన్నాళ్లూ తిట్లు తిన్నది అదే.

"దీపావళికి ఒగ ఇల్లు కూడా నన్ను పిలవలే. మీ వీధిలో పుట్టిన మాట బజారంతా పాకింది. నాకు వచ్చి చెప్తే నాకేమొస్తాది? యాడ అంటివో ఆడే అను."

మర్నాడు ఎనిమిది గంటలకు మా వాకిలిలో, ఆ మాట అన్నచోటే, నాలుగిళ్లవాళ్లనీ పిలిచాను. ఆమె క్యానుతో వచ్చి పక్కన నిలబడింది. తప్పు నెయ్యిది కాదు, నాదని తేదీలతో సహా చెప్పాను.

"అయ్యో, వాసనే తెలీదా?" అంది ఒకామె. "పూలు కూడానా?" అంది ఇంకొకామె. మూడో ఆమె నా చెయ్యి పట్టుకుని బళ్లారిలో ఏ డాక్టరు మంచివాడో చెప్పటం మొదలుపెట్టింది. అందరి జాలీ నా మీదే. నెయ్యి ఆమె వైపు ఒక్కరూ చూడలేదు.

"నా ముక్కు సంగతి కాదమ్మా చెప్పేది!" అని అరిచాను. "ఈమె కలపలేదు. ఇరవై రెండేండ్లలో ఒక్క పొద్దూ కలపలేదు. ఇనపడిందా?"

అప్పుడు చూశారు. ఇద్దరు గిన్నెలు తెచ్చారు. ఒకామె ప్యాకెట్ నెయ్యికి అలవాటు పడ్డామంది. నాలుగో ఆమె తన ఇంట్లోకి వెళ్లిపోయింది. నా మాట మీద మానేసిన నలుగురిలో, నా మాట మీద తిరిగి వచ్చింది ఇద్దరే.

మా ఇంటి గిన్నె నేను పట్టుకుని ఉంటే, నెయ్యి ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని కోడలికి ఇచ్చింది. "ఇంగమీద ఈడ నెయ్యి సూసేది నువ్వమ్మా," అని పోసింది. కోడలు నా వైపు చూడకుండానే వాసన చూసి, బాగుందని తలూపింది.

బస్టాండు దాకా ఆమెతో నడిచాను. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. బస్సు వచ్చేముందు అడిగాను, రెండో ఎనుమును ఎవరికి అమ్మావని.

"దేశనూరులో ఒగాయప్పకు. పోయిన నెల. సూడిది, నెలలు నిండినాయి."

"మళ్లీ కొనేదానికి నేను..."

"వాళ్లియ్యరక్కా," అంటూ క్యాను ఎత్తుకుని బస్సు మెట్టెక్కింది. "ఈపాటికి ఈనింటాది."