మంచి మోకాలి మీద రాసిన మాట

ఆ రోజుల్లో నాకు మోకాళ్లనేవి ఉన్నాయని కూడా గుర్తుండేది కాదు. ఇచ్చోడలో పత్తి బస్తాలు మోసేవాణ్ని. ఒకనాడు బస్తాతో పక్కకు తిరిగితే ఎడమ మోకాలిలో టప్పుమంది. వంగిన కాలు మళ్లీ చాపరాలేదు. కరీంనగర్‌లో డాక్టరు మోకాలికి చల్లటి జిగురు పూసి స్కానింగ్ చేశాడు (బయట గర్భిణుల వరుసలో మీసమున్నది నాకొక్కడికే). తెర మీద చింతగింజంత నల్లమచ్చ చూపించి, "లోపల ఎముకల నడిమి మెత్త చినిగింది తమ్మీ. గిది దాని పక్కన చేరిన నీటి బుడగ. రెండు సన్న తూట్లు పెట్టి ఒకదాంట్ల కెమెరా, ఇంకోదాంట్ల కత్తెర పంపుత. బుడగను గీ స్కానింగ్‌ల చూసుకుంట సూదితోని తీస్త. ఫికర్ జెయ్యకు" అన్నాడు. కత్తెర తర్వాత నాకేమీ వినపడలేదు.

అసలు భయం ఆపరేషన్ ముందురోజు పట్టుకుంది. మా చర్చి అయ్యగారు ప్రార్థన చేయడానికి ఆసుపత్రికి వచ్చాడు. అవ్వా బాపూ నేనూ, అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన కళ్లు మూసుకునే చెయ్యి చాపి నా కుడి మోకాలు పట్టుకున్నాడు. ప్రార్థన నడుమ అయ్యగారిని ఆపడం మా ఇంటావంటా లేదు. ఆమెన్ దాకా మంచి మోకాలే బాగుపడింది.

"అవ్వా, అయ్యగారు పట్టుకున్నది మంచి కాలే!"

"దేవునికి ఏ కాలో ఎర్కుండదా? ఊకో."

దేవునికి తెలుసు, సరే. డాక్టరుకు? అయ్యగారే పొరబడితే డాక్టరు పొరబడడా? ఉన్న ఒక్క మంచి కాలూ కోస్తే ఇక బస్తా ఎత్తేదెలా? బాపు జేబులోని పెన్ను తీసుకుని, ఐదో తరగతి చదువంతా కూడగట్టి, కుడి మోకాలి మీద 'ఇది కాదు' అని రాసుకున్నాను.

మరునాడు వెన్నులో సూది ఇచ్చారు. నడుము కింద రెండు కాళ్లూ నావి కాకుండా పోయాయి. ఛాతీ ముందు పచ్చగుడ్డ అడ్డం కట్టారు. ఇక ఏ కాలు కోస్తున్నారో నాకు తెలిసే దారే లేదు. గుడ్డ అవతల ఏదో గుర్రుమంది. గుడ్డ అవతలికి కేకేశాను.

"సార్, ఏ కాలు సార్?"

"నీదే లే."

"దండం పెడ్త సార్, ఎడమది!"

"జర కదలకు తమ్మీ. అగో, స్కానింగ్ తెర దిక్కు జూడు."

మెడ తిప్పాను. బూడిదరంగు గీతల నడుమ నా చింతగింజ! మొన్న చూసిందే. సన్నటి సూది గీతలా వచ్చి దాన్ని తాకింది. చూస్తుండగానే గింజ ముడుచుకుని మాయమైంది. ఎడమ కాలే! నాకు ఏడుపాగలేదు.

పని ముగిసి, కాళ్ల మీది గుడ్డలు తీస్తుంటే నర్సక్క మెడ వంచి పైకే చదివింది. "ఇది కాదు! సార్, గీ పిలగాడు మనకు చిట్టీ రాసిండు!" అందరూ ఒక్కసారే నవ్వారు. "గింత మంచిగ రాసినవ్, ముందుగాల జూపియ్యకపోతివి" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు ఎడమ మోకాలు గట్టిగానే ఉంది. ముసురు పడితే కుడిదే నొస్తుంది (అయ్యగారికి చెప్పలేదు). నేను రాసింది నలుగురు చదివి నవ్వడం ఆ రోజే మొదలు. ఆ తర్వాత రాసింది ఈ కథే.