చంద్రప్ప పెట్టిన వంక

ఏ పెళ్లికి వెళ్లినా ఒక వంక పెట్టకుండా చంద్రప్ప విస్తరి ముందు నుంచి లేచేవాడు కాదు. తాండూరు నుంచి వికారాబాదు దాకా ఆయన మెచ్చిన పెళ్లి ఒక్కటీ లేదు. పిలిస్తే వచ్చి వంక పెడతాడు. పిలవకపోతే, పిలవలేదన్న వంక పెట్టడానికి వస్తాడు. వెన్నెల్లో పెళ్లయితే "దీపాలు దండుగ" అనేవాడు. ఒకసారి ఏదీ దొరక్క పెళ్లికూతురి మీద పడ్డాడు. "జర బెదురన్న లేదు. గింత ధీమా ఏంది?"

అరుణాదేవి పెళ్లిలో ఆయనకు వెతుక్కునే పని పడలేదు. ఆ రోజు ఆకాశం కూడా వానై, పిలవని చుట్టంలా పందిట్లోకి దిగింది.

ఆమె భర్త బాల్‌రాజ్ తాండూరులో నాపరాళ్లకు మెరుగు పెట్టేవాడు. అతను మెరుగు పెట్టిన బండలో మబ్బులు ముఖం చూసుకునేవి. పందొమ్మిది వందల అరవై మూడులో అతనికి కువైట్‌లో బండలు పరిచే పని దొరికింది. భార్యనూ తెచ్చుకోవచ్చన్నారు కాని, ఆమె వీసాకు పెళ్లయిన రుజువు కావాలి. పెళ్లి చేసిన అయ్యవారు పోయాడు. ఫొటో లేదు. వికారాబాదు కచేరీలో అధికారి, చుట్టాల మాట చెల్లదన్నాడు. కళ్లారా చూసిన బయటివాళ్లు కావాలట.

"చంద్రప్ప మామ ఉన్నడు గద. పిలుపుకే మామ, చుట్టం గాదు," అంది అరుణాదేవి.

బాల్‌రాజ్ తల పట్టుకున్నాడు. "ఆయన్నా? అది పెళ్లే కాదంటడు. ముందుగాల నేను కువైట్ పోత, నువ్వు ఎన్కకెల్లి రా."

"పందిట్ల నీ పక్కన కూసున్న. కువైట్‌ల గూడ పక్కనే ఉంట. పోయి మామను తోల్కరా."

చంద్రప్ప వచ్చాడు. కచేరీ కుర్చీకి ఒక కాలు పొట్టిదని చెప్పి మరీ కూర్చున్నాడు.

"వీళ్ల పెళ్లి సరిగ్గా జరిగిందా?" అని అడిగాడు అధికారి.

"ఏం సరిగ్గ సార్. నీళ్లు పోయి సన్నాయి గురక పెట్టింది. కాగ్నా వాగు పొంగితె ఫొటో ఆయన అవతలనే ఉండిపాయె. తలంబ్రాలు తడిసి ముద్దయినయి. గీ పోరడు ముద్దలెక్కనే కొట్టిండు, పిల్ల అంతకు రెండింతలు కొట్టింది. మూడో ముడి వీని చేతికి రాలే, వీళ్లక్క యాదమ్మ ఏసింది. ఇగ పప్పుల ఉప్పు..."

బాల్‌రాజ్ కళ్లు మూసుకున్నాడు. అరుణాదేవి మాత్రం అధికారి పెదవుల వైపే చూస్తోంది. అవి మెల్లగా విచ్చుకున్నాయి.

"చాలయ్యా. అబద్ధం చెప్పేవాడైతే పప్పులో ఉప్పు సరిపడా వేసేవాడు," అని ఆయన ముద్ర గుద్దాడు.

"సిరా పల్చగున్నది సార్," అన్నాడు చంద్రప్ప.

ప్రయాణం నాడు తాండూరు స్టేషనుకు చంద్రప్ప తన భార్య గోవిందమ్మతో కలిసి వచ్చాడు. అరుణాదేవి ఆమె చెవిలో అడిగింది: "అత్తా, మామకు ఏ పెళ్లి నచ్చదెందుకు?"

"నచ్చకేం బిడ్డా. మా పెళ్లిని ఊరు ఊరంత మెచ్చుకున్నది. పొద్దు గూకకముందే పందిరి కూలి బాజావాళ్ల మీద పడ్డది. దిష్టి తగిలిందని ఈయన నమ్మకం. గప్పటి సంది, పిల్ల బుగ్గకు కాటుక చుక్క పెట్టినట్టు, పెళ్లికో వంక పెడ్తడు."

"గుంజలు లోతుగ పాతలే," అన్నాడు చంద్రప్ప ఎటో చూస్తూ.

రైలు కూత వేసింది. కిటికీలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరినీ చూసి, జంట ముచ్చటగా ఉందని అన్నారు సాగనంప వచ్చినవాళ్లంతా. చంద్రప్ప ఒక్కడే పెదవి విప్పలేదు. బండి కదిలింది. అరుణాదేవి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"మామా, ఏదన్న ఒక మాట అనరాదు."

చంద్రప్ప పంచె ఎగ్గట్టి కిటికీ పక్కన పరుగెత్తాడు. "ఆ చీర రంగు నీకు నప్పలే, బిడ్డా."

అరుణాదేవి చీర కొంగు భుజాల నిండా కప్పుకుని, భర్త వైపు తిరిగి హాయిగా నవ్వింది.

"ఇగ ఫికర్ లేదు."