పొట్టేలు కుమ్మిన చోట

మద్రాసు గవర్నమెంటు రోజుల్లో, మార్కాపురం ఊరి బయట ఒక షావుకారు దిక్కులేనివాళ్ళ కోసం పెద్ద కొట్టం కట్టించినాడు. కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు, బుద్ధి ఎదగనివాళ్ళు అందులో ఉండేవాళ్ళు. వాళ్ళకు నీళ్ళు పోయడం, తిండి పెట్టడం, చేతులాడేవాళ్ళ చేత బడిపలకలు నున్నగా రుద్దించడం నా పని. నా భుజం మీద ఎప్పుడూ ఒక పలుపు ఉండేది. ఎద్దును కట్టేసే తాడే. దాన్ని నీళ్ళలో తడిపితే దెబ్బ బాగా తగులుతుందని నాకెవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టినాను.

కొట్టడం తప్పని నాకు అనిపించేది కాదు. మాది రాచర్ల దిక్కు, గొర్రెల కాపర్ల ఇల్లు. మంద తప్పిన గొర్రెను కర్ర విసిరి మలుపుతాము. మనుషుల్నీ అట్లనే మలపవచ్చనుకున్నాను. పక్క తడుపుకున్నందుకు కొట్టినాను. సంగటి ముద్ద కింద పడేసినందుకు కొట్టినాను. ఒక్కోరోజు ఎవరిని ఎందుకు కొట్టినానో పొద్దుగూకేసరికి నాకే గుర్తుండేది కాదు.

వాళ్ళల్లో ఒకడు మా దిక్కువాడే. మీసాలొచ్చిన మనిషి, పసిపిల్లవాని బుద్ధి. ఎడమకాలు వంకర. వాని నాయన పోయినాక, ఎండాకాలం మందతో నల్లమలకు పోవాల్సిన తల్లి, వాణ్ణి వెంట నడిపించలేక మా దగ్గర విడిచింది. పోతా పోతా నా చెయ్యి పట్టుకొని, "నువ్వు మనోనివి నాయనా. నీ చేతిలో పెడుతున్నా" అన్నది. వాడు నన్ను మామా అని పిలిచేవాడు. కొట్టినాక కూడా మామా అనే పిలిచేవాడు.

ఆ ఎండాకాలం వాడు పలక రుద్దుతా రుద్దుతా ఆగిపోయి, ఎడమ రొమ్ము కింద పిడికిలి పెట్టుకొని, "మామా, పొట్టేలు కుమ్ముతాంది" అనేవాడు.

పక్కన కూర్చొని పలకలు రుద్దే గుడ్డి తాత ఊరుకునేవాడు కాదు. "ఏ పొట్టేలురా? నల్లదా, ఎర్రదా?"

"నల్లది. కొమ్ములుండాయి."

"ఐతే గట్టిగా పట్టుకోరా, పండక్కి కోసుకుందాం."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినాను. మళ్ళీ ఆ మాట అన్న రోజు నవ్వలేదు. పని ఎగ్గొట్టే ఎత్తు నేర్చినాడని పలుపు తీసినాను. ఆ తర్వాత వాడు నా ముందు పొట్టేలు మాట ఎత్తలేదు. నేను కనపడితే చాలు, రొమ్ము మీది పిడికిలి దించేసేవాడు.

ఒక పొద్దున బాయి నుంచి బిందెడు నీళ్ళు తెమ్మన్నాను. వాడు సగం దారిలో బిందె దించి కూలబడినాడు. ముఖమంతా చెమట. "లెయ్‌రా" అన్నాను. లేవలేదు. వీపు మీద పలుపుతో బాదినాను. ఎప్పుడూ అరిచేవాడు, ఆ రోజు అరవలేదు. అరవనందుకు నాకు ఇంకా కోపమొచ్చింది. బిందెను తన్నినాను. జుట్టు పట్టి పైకి లేపినాను. నిలబడినాడు. నా ముఖంలోకి చూసి, "మామా, తోలు" అన్నాడు. పొట్టేలును తోలమని. నేను ఇంకో దెబ్బ వేసినాను. వాడు నిలువునా పడిపోయినాడు. తల బండకు కొట్టుకున్న చప్పుడు కొట్టం లోపలికి వినపడింది.

"వేషాలేస్తాండావా?" అని డొక్కలో తన్నినాను. కదల్లేదు. కండ్లు తెరిచే ఉన్నాయి. అప్పుడు భయమేసింది.

మా ఇండ్లలో గొర్రె ఉన్నట్టుండి పడిపోతే, కొడవలి కాల్చి పక్కటెముకల మీద వాత పెడతారు. ఆ మంటకు లేచి మందలో కలిసిన గొర్రెల్ని నేను చూసినాను. వంటామెను కొడవలి పొయ్యిలో పెట్టమన్నాను.

"ముందు ఆస్పత్రికి మనిషిని పంపించన్నా" అన్నది ఆమె.

"నీకేం తెలుసు? పెట్టు!"

ఎర్రగా కాలిన కొడవలిని వాని రొమ్ము కింద ఆనించినాను. చర్మం చుయ్యిమన్నది. వాడు ఉలకలేదు. మళ్ళీ పెట్టినాను, ఈసారి అదిమి. కమురు వాసన లేచింది. గుడ్డి తాత గోడ పట్టుకొని నిలబడి, "చాలురా. వాడు లేడురా" అన్నాడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన డాక్టరు చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. "ఇట్లాంటివాళ్ళల్లో కొందరికి పుట్టుకతోనే గుండె బలహీనం. ఉన్నట్టుండి పోతారు. నువ్వు కొట్టినా, కొట్టకపోయినా పోయేవాడే." ఆ చివరి మాటను పట్టుకొని బతకాలని తర్వాత చాలా ఏండ్లు చూసినాను. అది నిలవలేదు.

మంద గిద్దలూరు పక్క అడవిలోనే ఉండడంతో ఆ రాత్రే కబురందుకొని, మర్నాడు తల్లి గిద్దలూరులో రైలెక్కి వచ్చింది. కొడుక్కు తానే నీళ్ళు పోస్తానన్నది. రొమ్ము కడుగుతా ఆగి, "వాత ఎవరు పెట్టినారు?" అని అడిగింది.

"నేనే, పెద్దమ్మా."

నా రెండు చేతులూ తీసుకొని కండ్లకద్దుకున్నది. "మనోనివి కాబట్టి పెట్టినావు నాయనా. వేరేవాళ్ళైతే చూస్తా నిలబడుకుందురు."

తర్వాత వాణ్ణి పక్కకు తిప్పింది. వీపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవేంది?"

వంటామె తల దించుకున్నది.

"నీళ్ళు తేలేదని కొట్టినాను" అన్నాను.

ఆమె లేచి నా భుజం మీది పలుపు లాక్కొని నన్ను కొట్టింది. ముఖం మీద, చెవుల మీద, మెడ మీద. చెయ్యి అడ్డం పెట్టకుండా దెబ్బలు తిన్నానని రాయాలని ఉంది. కానీ పెట్టినాను. వేళ్ళు వాచినాయి, పెదవి చీలింది. తాడు చేతిలోంచి జారిపోయేదాకా కొట్టి, రొప్పుతా కొడుకు పక్కన కూలబడింది.

"నొప్పని నీకు చెప్పలేదా వాడు?"

"చెప్పినాడు. పొట్టేలు కుమ్ముతాందన్నాడు."

"యాడ?"

వాని ఎడమ రొమ్ము కింద వేలు పెట్టి చూపించినాను. వేలు వాత మీద పడింది.

ఆమె నా వేలును చూసింది, వాతను చూసింది.

"యాడ నొప్పో నీకు తెలుసు" అన్నది మెల్లగా. "తెలిసే కొట్టినావు."

గుంత నేనే తవ్వినాను. వాణ్ణి దించినాక నేను దోసిట్లోకి మన్ను తీసుకుంటే, ఆమె వచ్చి నా చేతులు తట్టేసింది. వాని మీద నన్ను మన్ను కూడా వేయనీయలేదు.