ఓదెమ్మ కుడి బుగ్గ

భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్ల ముందు మిర్చి బజ్జీలు వేసే ఓదెమ్మ ముఖం మీద ఈగ వాలితే, ముడతల్లో దారి తప్పి సాయంత్రానికి గాని బయటపడదని చెప్పుకుంటారు. ఆ మాట మొదట పుట్టించింది ఓదెమ్మే. పక్కనే బ్యూటీ పార్లర్ పెట్టిన మేనకోడలు సుష్మిత పెప్టైడ్ క్రీమ్ తెచ్చి, "రోజూ రాయి అత్తమ్మా, ముడతలు మాయమైతయి" అంటే, ఓదెమ్మ సరేనంది గాని ఎడమ బుగ్గకే రాసింది. "రెండు దిక్కుల రాస్తే ఫరక్ ఎట్ల తెలుస్తది?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని, సగం ముఖం మెరుస్తుండగా వేసవంతా బజ్జీలు వేసింది.

దసరా ముందు పార్లర్ తలుపు పక్కన ఆ క్రీమ్ ప్రకటనగా ఓదెమ్మ ఫొటోతో ఫ్లెక్సీ వెలిసింది. నాయకుల ముఖాలు నున్నగా చేసి అలవాటుపడ్డ ఫ్లెక్సీ దుకాణం వాళ్లు ఓదెమ్మ ముఖాన్నీ అలాగే చేశారు. బజ్జీలకు వచ్చినవాళ్లు ఫ్లెక్సీనీ ఆమెనూ మార్చి మార్చి చూశారు.

"సుష్మితా, కుడి బుగ్గకు నేను రాయనే లేదు. గది ఎట్ల నున్నగైంది?"

"జర ఊకో అత్తమ్మా, గిరాకీ పోతది."

"నా మొఖం చూసి కొంటరు. రేపు ముడతలు పోకపోతే నన్నే అడుగుతరు."

ఓదెమ్మ స్టూలెక్కింది. పొయ్యి పక్కనున్న బొగ్గుముక్కతో ఫ్లెక్సీలోని కుడి బుగ్గ మీద ముడతలన్నీ తిరిగి గీసింది. ఎడమ బుగ్గ దగ్గర ఆగి, తన బుగ్గను చేత్తో తడిమి చూసుకుని, అక్కడా అన్ని ముడతలూ గీసింది, కాకపోతే కాస్త పల్చగా.