లామ్రియా వాటా కార్జం

తోబా సరస్సు ఒడ్డున ఆ రేవులో తియోమినార్‌తో గొడవ పెట్టుకుని నెగ్గినవాళ్ళు లేరు. పెళ్ళయిన మొదటి ఏడే ఆ సంగతి గ్రహించిన మొగుడు మారిహోత్, మధ్యాహ్నం కాగానే కల్లు దుకాణంలో చదరంగం బల్ల ముందు స్థిరపడిపోయేవాడు. నాలుగు వలగూళ్ళ చేపలకు మేత వేసేదీ, చిరిగిన వలలు కుట్టేదీ, బేరగాళ్ళను తిట్టేదీ ఆవిడే. అలాంటి మనిషికి ఆ ఏడు సావులినా తగిలింది.

సావులినా చేపల శాఖ ఆఫీసరు. ముప్పై కూడా నిండని పిల్ల. నీళ్ళ మీద పచ్చనాచు తేలి వారం రోజులైంది, సరస్సు ఆకుపసరు కలిపినట్టుంది. ఆ పిల్ల పడవ దిగి, ఆ నాచులో విషముందని, ఈ రేవు చేపలు కొన్నాళ్ళు ఎవరూ తినొద్దని చెప్పింది.

"బాహ్! నాచు మేసిన చేపకి కొవ్వు పడుతుందే పిల్లా. కార్జం చూడు, ఇంత లావుంటుంది," అంది తియోమినార్ పిడికిలి చూపించి.

"విషం చేరేది ఆ కార్జంలోనే ఇనాంగ్," అంది సావులినా, పెద్దావిడల్ని అక్కడ పిలిచే పిలుపుతో. "నాచుతో పాటు మింగింది పేగుల్లోంచి పోయి అక్కడే తిష్ట వేస్తుంది. కండలోకి వచ్చేది కొంచెమే."

"మేం మూడు గంటలు ఉడికిస్తాం తల్లీ! పైగా గుప్పెడు అందలిమాన్ గింజలు వేస్తాం. తిన్నవాడి నాలుకే మొద్దుబారిపోతుంది, ఇక నీ విషమెంత?"

"ముప్పై గంటలు ఉడికించినా అది పోదు. నాలుక మొద్దుబారితే మీకు తెలీదు, అంతే."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. తియోమినార్‌కు ఒళ్ళు మండింది. కానీ ఆ మంట పైపైనే, లోపలున్నది భయం.

కారణం కూతురు లామ్రియా. కొండమీది ఊళ్ళో అత్తారింట్లో ఉంది, ఆరో నెల. ఇంకో ఐదు వారాల్లో, ఏడో నెలలో, పుట్టింటివాళ్ళు బంగారుతీగ చేపలు వండి పట్టుకెళ్ళాలి. పొలుసు తీయకూడదు, ముక్క కోయకూడదు, లెక్క బేసిగా ఉండాలి. వాళ్ళింటి పద్ధతిలో చేదుకట్టు ఒక్కటే తీసేసి, కార్జమూ గుడ్లూ కడుపులోనే ఉంచుతారు. ఆ కార్జం తల్లి తన చేత్తో కూతురి నోట్లో పెట్టాలి.

రెండేళ్ళ కిందట లామ్రియాకు మొదటి కాన్పు ఐదో నెలలోనే పోయింది. ఆ ఐదు నెలలూ, బలమని, ప్రతి ఆదివారం తియోమినార్ చేపల కార్జాలు వండి పంపింది. ఆ ఏడే సరస్సు పచ్చబడింది కూడా. అప్పట్లో ఎవరో పక్కవాళ్ళు ఆ చేపల వల్లేనేమో అంటే దులిపేసింది గానీ, మాట మాత్రం మనసులో ఉండిపోయింది. నా చేత్తోనే విషం పెట్టానా? మొగుడితో కూడా అనలేదు. అప్పట్నుంచి కూతురికి తన చేత్తో ఒక్క చేపముక్క పెట్టలేదు, ఏదో ఒక వంక. ఇప్పుడీ పిల్ల కార్జం అన్నాక ఆ రాత్రి కూడు సహించలేదు.

మర్నాడు పడవ దగ్గర సావులినాను ఒంటరిగా పట్టుకుంది. అడగాల్సింది ఒకటి, అడిగింది ఇంకొకటి.

"విషం పట్టిన చేప మళ్ళీ బాగుపడుతుందా?"

"పడుతుంది. నాచు లేని నీళ్ళలో పెడితే కొత్తగా లోపలికి పోయేదుండదు, ఉన్నది మెల్లగా బయటికి పోతుంది. కండ ముందు శుభ్రపడుతుంది, కార్జం ఆఖర్న. అయితే పరీక్ష చెయ్యాలంటే చేపని కొయ్యాలి."

కోసిన చేప పెట్టడానికి పనికిరాదు. తియోమినార్ వేళ్ళు మడిచి లెక్క చూసుకుని ఐదు చేపలు పట్టింది. ఇంటి వెనక కొండ ఊట నీళ్ళు వెదురు గొట్టంలోంచి పడే సిమెంటు తొట్టి ఉంది. దాన్ని తోమి, ఐదింటినీ అందులో వదిలింది. సంతలో కొంటే సరిపోయేది కదా అన్నాడు మారిహోత్. "చేపలు పెంచేదాని కూతురికి సంత చేపా? పో, నీ చదరంగం గుర్రాల్ని చూసుకో," అంది.

పదో రోజున ఒక చేపను పరీక్షకు తీసుకెళ్ళిన సావులినా మూడు రోజులకు తిరిగొచ్చింది. కండ శుభ్రంగా ఉందట, కార్జంలో మాత్రం విషం ఇంకా ఉందట, పేగుల్లో కొత్త నాచు కూడా కనపడిందట. ఆ మాటంటూనే తొట్టిలోకి వంగి, మూలన నానుతున్న తూటికాడను పైకి తీసింది. కాడ నిండా పచ్చటి జిగురు.

"ఇదెక్కడిది ఇనాంగ్?"

తెచ్చింది తియోమినారే. ఊట నీళ్ళలో చేపలు చిక్కిపోతున్నాయని జాలేసి, రోజూ సరస్సు అంచునుంచి గుప్పెడు తూటికాడలు తెచ్చి వేస్తోంది.

"మంచి పని! ఈ చేత్తో విషం దింపుతూ, ఆ చేత్తో తినిపిస్తున్నారా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వరండాలో చుట్ట వెలిగించుకుంటున్న మారిహోత్ పెళ్ళాం ఊరుకోవడం చూసి భయపడ్డాడు.

తియోమినార్ ఆ రోజే తొట్టి ఖాళీ చేసి మళ్ళీ తోమింది. తర్వాత మూడు వారాలు ఊట నీళ్ళే, ఉడకబెట్టిన మొక్కజొన్నే. తొట్టి దగ్గరికి కోడిని కూడా రానివ్వలేదు. చివరి వారంలో ఇంకో చేప పరీక్షకు పోయింది. మిగిలినవి మూడు.

వేడుక రోజు పొద్దున్నే సావులినా కాగితం పట్టుకుని వచ్చింది. "ఏమీ దొరకలేదు ఇనాంగ్. కండలో లేదు, కార్జంలో లేదు. వండుకోండి."

తియోమినార్ కత్తి కింద పెట్టింది. పొయ్యి మీద మసాలా మాడుతున్నా చూసుకోలేదు.

"ఇంకోటి అడుగుతాను, నవ్వకు. రెండేళ్ళ కిందట నా కూతురికి కడుపు పోయింది. ఈస్టర్ ముందు వారం. అప్పటిదాకా వారం వారం కార్జాలు పెట్టాను. పచ్చ తేలింది ఆ తర్వాత అక్టోబరులో, నాకు గుర్తే. కానీ పైకి కనపడకముందే నీళ్ళలో ఉండేదేమో, నేనే పెట్టానేమో..."

సావులినా నవ్వలేదు. ఆఫీసుకు ఫోను చేసి ఆ ఏటి నీళ్ళ రిజిస్టరు చదివించింది. ఆ ఈస్టర్‌కు ముందు ఏడాదంతా నెల నెలా ఈ రేవు నీళ్ళు పట్టి చూశారు, విషపు నాచు జాడే లేదు.

"నాచే లేనప్పుడు చేపలోకి విషం ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు పెట్టింది మంచి తిండే ఇనాంగ్."

తియోమినార్ పొయ్యి పక్కనే చతికిలబడి భోరుమంది. మారిహోత్ పరిగెత్తుకొచ్చి, చేపలు చెడ్డాయా అని అడిగాడు. "లేదయ్యా, బాగున్నాయి, అన్నీ బాగున్నాయి," అంటూ ఇంకా గట్టిగా ఏడ్చింది. సావులినా మసాలా కలిపింది.

మధ్యాహ్నం కొండమీది ఇంట్లో చాప మీద పళ్ళెం పెట్టారు. మూడు చేపలు, తలలన్నీ లామ్రియా వైపే. తియోమినార్ పెద్ద చేప కడుపులోంచి కార్జం తీసి ముద్దలో పెట్టింది.

"చేపలు ముట్టొద్దని నెల రోజులు ఫోనులో చంపావుగా!" అంది లామ్రియా.

"అవి వేరు, ఇవి వేరు. నోరు తెరువ్."

లామ్రియా నమిలింది. "అబ్బా, ఎన్ని గింజలు పోశావే! నాలుక పోయింది. మసాలా కూడా మాడింది."

"బాహ్! మాడ్చింది ఆఫీసరు, నేను కాదు," అని తియోమినార్ ఇంకో ముద్ద కలిపింది.