వెడల్పు తెర మీద ఇద్దరన్నదమ్ములు

ఆ లెన్స్ కొన్న రోజు నేను నేల మీద లేను. అరవైల్లో సంగతి, నల్లగొండ బడిలో సైన్సు పంతులును. ఎనిమిది మిల్లీమీటర్ల చిన్న సినిమా కెమెరా అంతకుముందే ఉంది. హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఈ లెన్స్‌ను దాని ముందు బిగిస్తే, రెండింతల వెడల్పు దృశ్యం గోరంత ఫిల్ములో ఇరుక్కుంటుంది. చూపేటప్పుడు అదే లెన్స్ ప్రొజెక్టర్ ముందు పెట్టాలి. అప్పుడు ఇరుక్కున్నదంతా మళ్లీ విప్పారుతుంది. ఈ సంగతి కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నన్ను చూసి సందు మార్చినవాళ్లూ ఉన్నారు.

మా ఊరు కేతేపల్లి పక్కనే, ఇంట్లో గొర్రెల మంద ఉండేది. మా అవ్వకు, అంటే నాయనమ్మకు, ఒకటే కోరిక, ఇద్దరు కొడుకులనూ ఒక్క బొమ్మలో చూడాలని. మా నాన్న, అదే బాపూ, ఆయన తమ్ముడు చిన్నాయినా ఒక పొట్టేలు అమ్మకం దగ్గర చెడి ఏండ్లుగా మాట్లాడుకోవడం లేదు. ఫొటోలాయన వస్తే చాలు, ఒకరు కూర్చుంటే ఇంకొకరు లేచిపోయేవారు.

నా లెన్స్‌కు ఆ బాధ లేదు. "పక్కపక్కన నిలవడొద్దు. మందకు గా కొసన ఒకలు, గీ కొసన ఒకలు నిలవడుండ్రి," అన్నాను. దానికి ఒప్పుకున్నారు, మొహాలు మాత్రం చెరో దిక్కు తిప్పుకుని. నేను బండ ఎక్కి తీశాను. కింద ఒక మేక నా కెమెరా సంచి నములుతుంటే నమలనిచ్చాను.

బొంబాయిలో కడిగించిన ఫిల్ము వచ్చింది. ఊళ్లో కరెంటు లేదు కనుక అందరినీ నల్లగొండలో నా కిరాయి ఇంటికి పిలిచాను. అవ్వా బాపూ ఒక బస్సులో వచ్చారు, చిన్నాయిన ఇంకో బస్సులో. రెండు ధోతులు కలిపి కుట్టి గోడకు కట్టాను. పొద్దుగూకగానే, సంబరంలో సోయి తప్పి, లెన్స్ పెట్టకుండానే ప్రొజెక్టర్ తిప్పేశాను.

గొర్రెలు ఒంటెల్లా పొడుగ్గా నిలబడ్డాయి. అన్నదమ్ములిద్దరూ గడకర్రల్లా సన్నబడ్డారు. వాళ్ల మధ్య దూరం సగానికి సగం తగ్గి, చేయి చాపితే అందేటట్టున్నారు.

"గిట్ల బక్కవడ్డరేందిరా నా కొడుకులు? కోడండ్లు బువ్వ పెడ్తలేరా?" అంది అవ్వ.

బాపు పకపకా నవ్వాడు. చాపకు అటు చివర చిన్నాయిన కూడా ఆపుకోలేకపోయాడు. నాకైతే కడుపు నొప్పి పుట్టింది.

నాలుక కరుచుకుని ఫిల్ము మొదటికి చుట్టి లెన్స్ బిగించాను. బొమ్మ ధోతుల నిండా విప్పారింది. ఎన్నాళ్లుగానో నేను కలలుగన్న వెడల్పు తెర అదే. గొర్రెలు గొర్రెలయ్యాయి. బాపు ఆ కొసకు, చిన్నాయిన ఈ కొసకు పోయారు.

"ఎందుకు ఎడం చేసినవు బిడ్డా? దగ్గర్నే ఉండిరి గదా," అంది అవ్వ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాపు నా దిక్కు తిరిగాడు.

"గా అద్దం తీసెయ్‌రా. అవ్వను సూడనియ్."

"అన్న చెప్పినట్టు చెయ్ బిడ్డా," అన్నాడు చిన్నాయిన.

అన్న అనే మాట ఆయన నోట విని ఎన్నేండ్లయిందో. సంతోషంలో విప్పబోయి బిగిస్తూ ఉంటే, ఆ లెన్స్ ఎంతకీ ఊడిరాలేదు.